చివరి మడికి నీళ్లు: బాన్సువాడ దగ్గరి బడిలో ఒక రోజు

పదమూడేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. ప్రశ్న అడుగుతాను, పిల్లలు ఆలోచించేలోపే జవాబూ నేనే చెప్పేస్తాను. మా తరగతిలో వినడం తప్ప వాళ్లకు వేరే పనే లేదని ఈ మధ్యే తట్టి సిగ్గేసింది. బాన్సువాడ దగ్గర పల్లెలో టీచరుగా ఉన్న నా స్నేహితురాలు సరితతో చెప్పుకుంటే, "ఒక్కరోజు వచ్చి నా క్లాసుల కూసో. నోరు మాత్రం ఇప్పకు," అంది.

నిజామాబాద్‌లో పొద్దున ఏడింటికి బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్టే. గంటన్నర దాటాక బాన్సువాడలో దిగి, ఇడ్లీ తిని, బిచ్కుంద దారిలో ఉన్న ఆ బడికి నూటయాభైకి ఆటో మాట్లాడుకున్నాను. "గా బడికా అక్కా? మా బిడ్డ అనిత గాడనే ఏడో తరగతి," అన్నాడు డ్రైవర్ మల్లేశ్. ఆటో స్టార్ట్ చేస్తూ, "ఇంట్ల మస్తు మాట్లాడ్తది. బడిల నోరే ఇప్పదంట. గదే ఫికర్," అన్నాడు. ఆ గొంతులో దిగులు విని జాలేసింది.

పదింటికి సరిత పిల్లల్ని ఆవరణలోకి తీసుకొచ్చింది. వాళ్లే మట్టిలో చిన్న కాలువ తీసి, పక్కన ఐదు మడులు కట్టారు. బిందెడు నీళ్లు పోస్తే నాలుగో మడి దగ్గరే అయిపోయాయి. "మళ్ల ఒక్క బిందెనే ఇస్త. ఆఖరి మడికి నీళ్లెట్ల అందాలె?" అని అడిగి సరిత ఊరుకుంది. పిల్లలు కాలువ మీదికి వంగి చూస్తున్నారు. జవాబు నా నోటిదాకా వచ్చింది. సరిత నా చెయ్యి గట్టిగా నొక్కింది.

అప్పుడు వెనకనుంచి ఒక బక్కపలచని పిల్ల వచ్చి, పై నాలుగు మడుల గండ్లను మట్టితో మూసింది. "ముందుగాల కిందికి ఇడువాలె మేడం. కాలువ మీద మాది ఆఖరి పొలం. మీదోళ్లు బంద్ జేస్తేనే మాకు పారుతది," అంది తలెత్తకుండానే. "మరి ఎవలికెంత ఇడువాలె, అనితా?" అంది సరిత. అంతే, అందరూ అనిత చుట్టూ మూగారు. వాదించుకుని, లోటాలతో కొలుచుకుని, ఐదు మడులూ తడిపారు. నాకు కళ్లు చెమర్చాయి.

నాలుగున్నరకు నన్ను తిరిగి తీసుకెళ్లడానికి మల్లేశే వచ్చాడు. "మా బిడ్డ ఏమన్న మాట్లాడిందా అక్కా?" అన్నాడు. అంతా చెప్పేయాలని ప్రాణం కొట్టుకుపోయింది. అయినా ఆపుకొని, "ఇంటికి పోయి అనితనే అడుగన్నా. అడిగి, జెర సేపు ఊకుండు," అన్నాను.

మర్నాడు మా తరగతిలోనూ ప్రశ్న అడిగి ఊరుకున్నాను. అంతసేపు మాట్లాడకుండా ఉండడం నాకు నరకమే. కానీ మూడో బెంచీలో ఒక చెయ్యి లేచింది. ఇన్నాళ్లూ ఆ చెయ్యి లేవకుండా చేసింది నేనే కదా అని బాధేసింది.

సరిత బడికి వెళ్లాలనుకునేవాళ్లు తిరుగు ప్రయాణానికి కూడా ఆటోను పొద్దున్నే మాట్లాడుకోండి, సాయంత్రం ఆ దారిలో దొరకవు. మల్లేశ్ ఆటోనే దొరికితే మీరేమీ అడగక్కర్లేదు. ఆఖరి మడికి నీళ్లెలా తెచ్చిందో తన బిడ్డే చెప్పిందని, ఎక్కినవాళ్లందరికీ దారి పొడుగునా చెబుతున్నాడట.