భద్రాచలం లాడ్జిలో థాయిలాండ్ తరగతి

"సార్, థాయిలాండ్‌ల ఇంగ్లీషు టీచర్ ఉద్యోగమట. భద్రాచలంల ఒక లాడ్జిల ఏజెంటు ఇంటర్వ్యూ పెడ్తుండట. మీరు తోడొస్తరా?" అని నా పాత విద్యార్థిని మేరీ సునీత ఫోనులో అడిగినప్పుడు నాకు సంతోషం కంటె ముందు అనుమానం కలిగింది. పరాయి దేశపు బడి తన పరీక్షను లాడ్జి గదిలో ఎందుకు పెడుతుంది? ఏజెంటు బడి పేరు చెప్పడు గాని, అసలు సర్టిఫికెట్లు మాత్రం తెమ్మంటాడు. ఇంగ్లీషు చెప్పి రిటైరైన వాడిని కనుక, అడగవలసిన ప్రశ్నలన్నీ వరుసగా రాసుకుని బయలుదేరాను.

తెల్లవారి ఆరు దాటాక బోనకల్‌లో రైలెక్కి ఖమ్మంలో దిగాను. బస్టాండు ఎదుట ఇడ్లీ తిన్నాను. చట్నీ పులిసిందని చెబితే హోటలతను విననట్టు నటించాడు. భద్రాచలం ఎక్స్‌ప్రెస్‌లో కిటికీ పక్కన చోటు దొరికింది.

పాల్వంచలో సునీత ఎక్కింది. అక్కడి ఒక ప్రైవేటు బడిలో చిన్న తరగతులకు ఇంగ్లీషు చెబుతుంది. వేసవిలో ఆ బడి జీతమివ్వదు. పినపాక దగ్గర ఊళ్ళో ఉన్న తల్లి మిరపకోతలకు వెళ్ళి ఇల్లు నడుపుతుంది. ఈ ఉద్యోగం వస్తే తల్లిని ఎండలోంచి ఇంటికి తేవాలని ఆమె ఆశ.

కండక్టరు "ఆధార్ తియ్ చెల్లె" అని ఆమెకు ఆడవాళ్ళ ఉచిత ప్రయాణపు సున్నా టికెట్టు కొట్టి ఇచ్చాడు. తునికి పండ్ల గంపతో పక్కన కూర్చున్న ముసలామె మా మాటలు వింటూనే ఉంది.

"దేశం పోతున్నవా బిడ్డా? ఆ దేశమోళ్ళకు ఇంగ్లీషు రాదా?"

"రాదు అమ్మమ్మ. నేర్పాలె."

"మీ ఇంట్ల ఇంగ్లీషు మాట్లాడుతరా?"

"ఇంట్ల తెలుగే."

"అట్లయితే నువ్వూ నేర్చుకున్నదానివే. మంచిదే, కష్టం తెలుస్తది" అని ఆమె సునీత చేతిలో రెండు పండ్లు పెట్టింది.

అడవి దాటి, గోదావరి వంతెన దాటి, పదిన్నరకు భద్రాచలంలో దిగాము. లాడ్జిలో మెట్ల పక్క గది. గోడకున్న క్యాలెండరు కనబడకుండా తెల్ల దుప్పటి కట్టారు. దాని ఎదుట ఒక ల్యాప్‌టాప్. ఏజెంటు నలభై ఏళ్ళ మనిషి, మాట తీపి.

"బడి పేరేమిటి?" అన్నాను.

"సెలెక్ట్ అయినంక చెప్తం సార్. రూల్."

"ఎవరు పెట్టిన రూలు?"

అతను నవ్వి, సర్టిఫికెట్ల కోసం చెయ్యి చాపాడు. సునీత సంచి నా ఒడిలోనే ఉంచుకున్నాను.

అతను సునీత వైపు తిరిగాడు. "ఆ దేశంల తల్లిదండ్రులకు ఇంగ్లీషు పుట్టుకతో వచ్చినోళ్ళే కావాలె. నువ్వు ఒట్టి మేరీవి. మీది జొహానెస్‌బర్గ్. సునీత అనొద్దు, ఇండియా అనొద్దు. ఇంటర్వ్యూ అంటే ల్యాప్‌టాప్‌ల ఆ బడి పిల్లలకు పాఠం చెప్పుడే. ముందుగాల వాళ్ళను వాతావరణం గురించి అడుగు."

నాకు ఒళ్ళు మండింది. "ఇంగ్లీషు చెప్పేవారికి ఇంగ్లీషు వస్తే చాలదా? ఎక్కడ పుట్టిందో ఎందుకు?"

"మీరన్నది కరెక్టే సార్. కానీ ఫీజు కట్టేది మీరూ నేనూ కాదు గద."

తెర వెలిగింది. అక్కడి గడియారం మనకంటె గంటన్నర ముందు, మధ్యాహ్నం దాటింది. చిన్న పిల్లలు బెంచీల్లో నిలబడి చేతులు జోడించారు. సునీత కూడా జోడించింది. మా వైపు ఎవరు ఎదురైనా "తిన్నవా" అన్నాకే మిగతా మాట. ఆమె తన తరగతి కూడా రోజూ అలాగే మొదలుపెడుతుంది. వాతావరణం మరిచి, "అన్నం తిన్నారా? ఏం తిన్నారు?" అని ఇంగ్లీషులో అడిగేసింది. ఏజెంటు నుదురు కొట్టుకున్నాడు.

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత చేప, గుడ్డు, అన్నం అంటూ, ఇంగ్లీషు రానివాళ్ళు చేతులతో చూపిస్తూ, అందరూ ఒకేసారి జవాబు చెప్పారు. వెనుక నిలబడ్డ ప్రధానోపాధ్యాయురాలు, తమ దేశంలోనూ పలకరింపు అదేనని నవ్వి, టీచరుది ఏ దేశమని అడిగింది. ఏజెంటు పెదవులతో ఊరి పేరు అందిస్తున్నాడు.

"ఇండియా. తెలంగాణలో పినపాక" అంది సునీత.

"నెట్ పోయింది" అంటూ అతను ల్యాప్‌టాప్ మూశాడు. నెట్ పోలేదు. నేను చూస్తూనే ఉన్నాను.

మెస్సులో భోజనం చేసి రెండు గంటల బస్సెక్కాము. సారపాక దాటాక ఏజెంటు ఫోను వచ్చింది. నాకు వినబడేలా సునీత స్పీకరు నొక్కింది.

"పిల్లలకు నచ్చినవమ్మా. మేడం కూడా సరేనన్నది. తల్లిదండ్రుల ముందట మాత్రం జొహానెస్‌బర్గే. జల్దీ చెప్పు, ఇంకో ఇద్దరున్నరు."

నేను ఫోను కోసం చెయ్యి చాపాను. ఆమె ఇవ్వకుండా తనే అతనితో అంది.

"ఆ పిల్లలు నన్ను గూడ అడుగుతరు గద సార్, మీ ఇంట్ల ఏం వండిండ్రు, మీ అమ్మ ఏం చేస్తదని. రోజుకో అబద్ధం యాడికెళ్ళి తేవాలె నేను?"

"చిన్న మాటనే గదమ్మా" అన్నాడు ఏజెంటు.

"పినపాక అని పంపేదుంటే పంపుండ్రి. లేకుంటే వద్దు" అని పెట్టేసింది.

పాల్వంచ వచ్చేదాకా ఫోను మళ్ళీ మోగలేదు. సంచి ఇస్తే తీసుకుని, "ఆదివారం అమ్మతోటి నేను గూడ కోతకు పోత సార్" అని దిగిపోయింది.

ఈ పని మీద వెళ్ళబోయే వారికి చెప్పవలసింది ఒకటే: అసలు పత్రాలు చేతి నుంచి వదలకండి. ఆ జొహానెస్‌బర్గ్ షరతు బడిదో ఏజెంటుదో నేను తేల్చలేకపోయాను, ఏజెంటుదేనని నా అనుమానం. పిల్లలు మాత్రం ఏ ఊరని అడగలేదు. అడిగిన దానికి జవాబు చెప్పారు, అంతే.