అక్క గదిలో నల్లబడిన తెరలు

మొన్న కర్నూలులో మా మనవరాలు అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డులు రెండు బల్ల మీద పెట్టుకుని ఏదో పని చేసుకుంటూ ఉంటే పక్కన కూర్చున్నాను. రెండూ వేర్వేరు కంపెనీలవి. ఒకదానిలోంచి గోరంత మెమరీ కార్డు తీసి రెండోదానిలో పెట్టింది. తెర మీద అదే బొమ్మ, అవే అక్షరాలు వచ్చాయి. ఆ పిల్లకు అదొక విశేషంగా కూడా తోచలేదు. నాకు మాత్రం మా అక్క గుర్తొచ్చి, చేతిలో కాఫీ చల్లారిపోయింది.

మా అక్క డోన్ అవతల ఒక పల్లెలో పంతులమ్మగా చేసి, రిటైరయ్యాక చర్చి పక్కనున్న గదిలో, కూలికి పోయేవాళ్ల పిల్లలను సాయంత్రాలు కూర్చోబెట్టుకునేది. తల్లులు చేలనుంచి వచ్చేదాకా వాళ్లకు అదే చోటు. నేనూ అప్పుడే రైల్వే సిగ్నళ్ల పని నుంచి దిగి, ఖాళీగా ఉండలేక, ఆ గదికి కంప్యూటర్లు అమర్చే పని నెత్తిన వేసుకున్నాను. తెలిసినవాళ్లు ఇచ్చిన చిన్న బోర్డులను, ఏ రెండూ ఒక రకానివి కానివాటిని, పాత టీవీలకు తగిలించాను.

అప్పట్లో ఇలాంటి బోర్డులతో తంటాలు పడినవారికి ఆ చిక్కు తెలిసే ఉంటుంది. కరెంటు ఇవ్వగానే బోర్డు మేలుకోవాలంటే దాని మెమరీ ఎక్కడుందో, తెర ఎక్కడుందో ఎవరో చెప్పాలి. ఆ వివరమంతా కంపెనీవాళ్లు ఆ ఒక్క బోర్డు కోసమే తయారుచేసిన ఆపరేటింగ్ సిస్టమ్‌తో కలిసి కార్డులోనే ఉండేది. ఒకదాని కార్డు ఇంకొకదానికి పనికిరాదు. అందుకే బోర్డుకూ దాని కార్డుకూ ఒకే రంగు దారం కట్టాను. ఫైళ్లు దించుకున్న చిరునామాలు డైరీలో రాసుకున్నాను. కార్డు పాడైతే పనికొస్తుందని, దానికి నకలు తీయడం అక్కకు నేర్పాను.

మా చర్చివాళ్లలో పాటల పుస్తకమంటే చేత్తో రాసుకున్నదే. ఒకరి పుస్తకం చూసి ఇంకొకరు రాసుకుంటారు, ఆదివారం అందరూ కలిసి పాడతారు. పంటల పండుగకు సంఘపెద్దలు గది చూడటానికి వస్తున్నారని తెలిసి, అక్క తాను పాఠాలూ బొమ్మలూ ఎక్కించిన ఒక కార్డుకు నకళ్లు తీసి, మిగతా కార్డులన్నింటి మీదా రాసేసింది.

"అన్నీ నల్లగా ఉండాయప్పా, ఒకటే పలుకుతాండాది" అని ఫోన్ చేసింది.

వెళ్లి సంగతి విప్పి చెబితే ఆశ్చర్యపోయింది. "ఒక పుస్తకం చూసి పాట రాసుకుంటే కొత్త పుస్తకం పాడనంటాదా?"

"ఒక్కోదానిది ఒక్కో భాషక్కా" అన్నాను.

"అట్లయితే పిల్లోళ్లకంటే ముందు వీటికే బడి పెట్టాల" అని నవ్వింది, పండుగలోపు నేను బాగుచేస్తాననే ధీమాతో.

మిగతా కార్డుల్లో ముందున్నవి చెరిగిపోయాయి, వాటి నకళ్లేవీ విడిగా తీసి పెట్టుకోలేదు. డైరీలోని చిరునామాలు ఒక్కొక్కటే తెరిచాను. ఒక కంపెనీ ఆ బోర్డే మానేసింది, ఫైళ్లు తీసేసింది. ఇంకొకరి దగ్గర కొత్త రకానికి చేసినవి మాత్రమే ఉన్నాయి, అవి మా బోర్డును లేపలేకపోయాయి. మిగిలినవాటి కథా అంతే. పండుగ వెళ్లిపోయింది. ఉన్న ఒక్క తెర ముందు పిల్లలు కొన్నాళ్లు తోసుకున్నారు. తర్వాత చిన్నవాళ్లు ఆటలకు పోయారు, పెద్దపిల్లలను తల్లులు పత్తి తీయడానికి వెంట తీసుకుపోయారు. అక్క గదికి తాళం వేసింది. ఎవరడిగినా "నేనే చెడగొడితి" అనేది. పోయేదాకా అదే మాట.

తర్వాత కంపెనీలవాళ్లు కూర్చుని, బోర్డు తన వివరం తనలోనే ఉంచుకోవాలని, ఏ సిస్టమ్ వచ్చినా ఒకే పద్ధతిలో లేవాలని ఒప్పందం చేసుకున్నారట. అన్నీ కాకపోయినా చాలా బోర్డులు ఇప్పుడు అలాగే వస్తున్నాయి. అక్క చేసిన పనే ఇవాళ సరైన పని. ఆమెకు చెప్పే వీలు లేదు.

పోయిన ఎండాకాలం ఆ పల్లెకు వెళ్లాను. గదిలో పెళ్లిళ్లకు అద్దెకిచ్చే కుర్చీలు పేర్చి ఉన్నాయి. అరుగు మీద చిన్నపిల్లలు కొందరు, ఎవరి ఫోనులో వాళ్లు తల దించుకుని ఉన్నారు. ఆనాడు పత్తిచేలకు పోయిన ఆడపిల్లలకు ఇప్పుడు ఆ వయసు పిల్లలుంటారు. వాళ్లలో ఎవరు ఎవరి బిడ్డలో నేను అడగలేదు.