గున్న చదువు

మా తాత బండి లాగే గుర్రాలకు పని నేర్పేవాడు. ఒక్కొక్కటీ గోడకు కాళ్ళొచ్చినట్టు ఉండేది. వాటి పక్కన తాత అగ్గిపుల్లలా కనిపించేవాడు. ఆ మాట ఆయనతో అనకూడదు. మొదట గుర్రం వెనకాల నుంచి పొడుగు పగ్గాలు పట్టుకుని నడిపించడం, తర్వాత దుంగ లాగించడం, ఆపైన బండి కట్టడం, చివర్న జీను వేసి ఎక్కడం. ఎక్కిన రోజు కిందపడడం కూడా ఆయన పాఠంలో భాగమే.

ఈ చదువంతా మా పెరట్లోనే. పెరటివైపు వంటగది కిటికీ, కిటికీలో నానమ్మ. తాత "పద" అనగానే ఆవిడ అందుకునేది: తొట్టిలో నీళ్ళు పోయలేదని, బురదకాళ్ళతో ఇంట్లోకొచ్చాడని, పెళ్ళినాటి నుంచి మిగిలిపోయినవన్నీ. ఆ గొంతు ఆగేదాకా గుర్రమూ నడిచేది, తాతా నడిచేవాడు.

ఒకసారి కలప అడితి యజమాని గున్న అనే మొండి గుర్రాన్ని అప్పగించాడు. ఇది దారికి రాకపోతే ఇకమీద తన గుర్రాలన్నీ వేరేచోటికి పంపుతానన్నాడు. తాతకు ఆ అడితి గుర్రాలు తప్ప వేరే పని లేదు.

గున్న బుద్ధిగానే నేర్చుకుంది. యజమాని చూడ్డానికి వస్తాడనగా ముందురోజు, జీను కింద వేయడానికి మెత్తటి గుడ్డ దొరక్క, నానమ్మ కొత్త దుప్పటిని తాత దాని వీపున పరిచేశాడు. నానమ్మ తిట్టలేదు. మాట్లాడడమే మానేసింది.

మర్నాడు యజమాని వచ్చి గోడవారగా నిలబడ్డాడు. తాత దుంగ కట్టి "పద" అన్నాడు. గున్న కదల్లేదు. బతిమాలాడు, పగ్గాలు ఆడించాడు, ముందుకెళ్ళి మెడ నిమిరాడు. అది చెవులు మాత్రం కిటికీవైపు తిప్పింది. తాత ఆ చెవుల్ని చూశాడు, కిటికీని చూశాడు. మెల్లగా కిటికీ కిందికి చేరాడు.

"ఏమే, ఒక్కసారి తిట్టవే."

లోపల గిన్నె ఒకటి ఠంగుమంది.

"నీకు పుణ్యముంటుంది. నాలుగు మాటలు చాలు."

"నాలుగా? నా దుప్పటి గుర్రానికి కప్పినవాడికి నాలుగేం సరిపోతాయయ్యా?"

గున్న మెడ వంచింది. దుంగ కదిలింది. నానమ్మ దుప్పటి దగ్గర మొదలెట్టి మా ముత్తాత దాకా వెళ్ళేసరికి గున్న పెరడంతా చుట్టొచ్చింది. దాని వెనకాల తాత పెళ్ళికొడుకులా నడిచాడు.

"బాగానే లాగుతోంది పెద్దాయనా," అన్నాడు యజమాని. "మా అడితిలో దీన్నెవరు తిడతారు?"

ఆ మర్నాటి నుంచి అడితి బండివాడు రోజూ పొద్దున్నే మా కిటికీ దగ్గరికి పాఠానికి వచ్చేవాడు. అతని గొంతులో కోపం చాలడం లేదని నానమ్మ మళ్ళీ మళ్ళీ చెప్పించేది. తాత ఆ అడితి నుంచే వచ్చిన ఇంకో గుర్రానికి కళ్ళెం తొడుగుతూ, ఇదేమీ వినబడనట్టు అటు తిరిగి నిలబడేవాడు. దుప్పటి మాత్రం గున్నతోపాటే వెళ్ళిపోయింది.