రూతమ్మ రంగు

నారాయణపేట బజారులో హమీద్ స్టూడియోకు ఒక పేరుండేది: అక్కడ కూర్చుంటే తారు డబ్బా కూడా తెల్లగా పడుతుందని. పెండ్లి ఫొటో అంటే చాలు, హమీద్ పెన్సిలు చెక్కుకుని నెగటివ్ మీద ముఖానికి మెరుగు పెట్టేవాడు. ఊరంతా తెలుపంటే పడి చస్తుంటే తప్పు పెన్సిలుది ఎట్లవుతుంది?

కూలి చేసుకునే మారెమ్మ కూతురు రూతమ్మకూ అట్లాగే తీసిచ్చాడు. ఆ ఫొటో చూసి వచ్చిన మక్తల్ సంబంధం వాళ్లు, ఎదుట పిల్లను చూసి మోసమన్నారు. చాయ్ కూడా ముట్టకుండా లేచిపోయారు. రూతమ్మ మళ్లీ పెండ్లిచూపులకు కూర్చోలేదు. కొన్నాళ్లకు కామెర్లతో పోయింది.

తొంభై ఎనిమిదిలో హమీద్ కంప్యూటర్ కొన్నాడు. పాత ఫొటోను తెరమీదికి ఎక్కించి, రంగులద్ది, ఫ్లాపీలో హైదరాబాదు లాబుకు పంపితే పెద్ద పటం వచ్చేది. పెన్సిలు పోయింది గానీ బుద్ధి పోలేదు. అందులో ఒక రంగుల పట్టిక రాసుకున్నాడు. ప్రతి రంగూ తెరమీదికి వచ్చేముందు ఆ పట్టికలో తన వరుస వెతుక్కుంటుంది. అక్కడ ఏ రంగు రాసి ఉంటే ఆ రంగై కనిపిస్తుంది. చామనచాయ వరుసలో హమీద్ గోధుమవన్నె రాశాడు, నలుపు వరుసలో చామనచాయ. తెర చూసి గిరాకీలు మురిసిపోయేవారు. పట్టిక మార్చేది తెరమీది రంగునే గానీ అసలు బొమ్మను కాదు, అందుకే లాబుకు పంపేటప్పుడు దాన్ని బొమ్మకూ ఎక్కించేవాడు.

ఒకనాడు మారెమ్మ వచ్చి కొంగులోంచి ఆ పెండ్లి ఫొటోనే తీసింది. బిడ్డది ఇంకో ఫొటో లేదు.

"సాబ్, గోడకు పెట్టుకుంట. ఈసారన్న జర నా బిడ్డ రంగు నా బిడ్డకియ్యి."

హమీద్ ఫొటోను తెరమీదికి ఎక్కించాడు. "నీ రంగేనా అమ్మా?"

"అచ్చం నా రంగే."

ఆమె తన చెయ్యి తెర పక్కన ఆనించి కూర్చుంది. ఆ చేతికి సరిపోయేదాకా అతను ముఖాన్ని ముదురు చేస్తూ పోయాడు. చివరికి మారెమ్మ తెరను నిమిరి ఏడ్చింది. "గిదే. గిదే నా బిడ్డ."

ఈ పిల్లకు మాత్రం తెలుపు పూయనని ఒట్టు పెట్టుకున్న హమీద్, పట్టిక ఎక్కించకుండానే బొమ్మను పంపాడు. కానీ చేతితో పోల్చినంతసేపూ తెరకు పట్టిక ఉండనే ఉంది. అది తెల్లగా చూపిస్తున్నకొద్దీ, అతను అసలు బొమ్మలో నలుపు పోస్తూ వచ్చాడు. ఆ సంగతి అతనికి తట్టనే లేదు.

లాబు కవరు ఆమె ఎదుటే విప్పాడు. ముఖం బొగ్గులా వచ్చింది. మారెమ్మ అక్కడే కూలబడింది.

"బతికున్నప్పుడు నల్లపిల్ల నల్లపిల్లని ఊరంత ఏడిపిచ్చిండ్రు. సచ్చినంక గూడ ఎక్కిరిస్తరా సాబ్?"

తప్పెక్కడ జరిగిందో తెలిశాక హమీద్ రెండు పూటలు అన్నం ముట్టలేదు. పట్టిక ఎక్కించి మళ్లీ పంపాడు. ఈసారి, ఆమె తెరమీద చూసిన ముఖమే వచ్చింది. పటం చంకన పెట్టుకుని తానే ఆమె గుడిసెకు పోయాడు.

మారెమ్మ దాన్ని వెలుతురుకు తిప్పింది. పక్కన చెయ్యి పెట్టి చాలాసేపు చూసింది. కోపం లేదు ఆమెకు, అదే హమీద్‌ను ఎక్కువ భయపెట్టింది.

"రంగైతే నా రంగే సాబ్. గని గీమె నా బిడ్డ అవునో కాదో చెప్పలేకపోతున్న. మొదాలు తెల్లగ జూపిస్తివి, మల్ల బొగ్గులెక్క జూపిస్తివి. కండ్లు మూస్తే గవే వస్తున్నయి. నా బిడ్డ వస్తలేదు."