ఎండలో చూడని రంగు

పోయిన నెలలో ఒక గురువారం ఉదయం ఆఫీసుకు వచ్చి కుర్చీలో కూర్చున్నానో లేదో, సూరత్ నుంచి ఫోను. చిన్నమ్మ గొంతు. "మీ బాబాయి పోయిండు బిడ్డా. పొద్దున చాయ్ తాగి వరండల కూసున్నడు. గంతే, పక్కకు ఒరిగిండు," అంది. ఆవిడ ఏడవలేదు. నేనే ఏడ్చాను. మా సెక్షన్‌లో నన్ను చూస్తే జడుసుకునేవాళ్లంతా ఆ రోజు నాకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చారు.

ఆయన నాకు రక్తసంబంధం ఏమీ కాదు. నాది టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగం, బదిలీ మీద సూరత్ వెళ్లినప్పుడు అక్కడ ఉన్ అనే పేటలో మేము అద్దెకు దిగిన ఇంటికి పక్కవాటా వాళ్లది. ఆయన కరీంనగర్ వైపు నేతపనివాళ్ల ఇంట్లో పుట్టి, చిన్నతనంలోనే సూరత్ చేరి, చీరల మీద అద్దకం వేసే మిల్లులో కలర్ మాస్టర్ అయ్యారు. ఏ పువ్వుకు ఏ రంగో, ఏ అంచు పక్కన చీర నేలకు ఏ రంగు నప్పుతుందో తేల్చేది ఆయనే. ఆయన సరేనంటేనే మిషను కదిలేది.

నాకేమో ముక్కు మీద కోపం. తెనాలిలో పుట్టినప్పటి నుంచీ ఉన్నదే, సూరత్ వచ్చాక బీపీ కూడా తోడైంది. "ఉప్పు తగ్గించండి, కోపం తగ్గించండి," అన్నాడు డాక్టరు. ఉప్పు తగ్గించాను.

ఒక ఆదివారం పొద్దున బాబాయి వరండాలో అట్ట మీద కాగితం పెట్టుకుని మామిడిపిందెల బొమ్మకు రంగులు వేస్తున్నారు. మిల్లు యజమాని సేఠ్ అక్కర్లేదని పక్కన పడేసిన చీర డిజైను, ఉత్త గీతలే. చూసి ఊరుకోవచ్చుగా? నా నోరు ఊరుకోదు. "ఈ వయసులో బొమ్మలకు రంగులేమిటి బాబాయిగారూ, చిన్నపిల్లల్లాగా?" అన్నాను.

ఆయన తలెత్తలేదు. "మిల్లుల సేఠ్ చెప్పిన రంగులేస్త. గీడ నాకు నచ్చిన రంగులేస్త. నువ్వెన్నడన్న నీకు నచ్చింది చేసినవా బిడ్డా?"

మర్నాడు నేను అడక్కుండానే ఆయన ఒక గీతల కాగితం మా కిటికీలోంచి లోపలికి అందించారు.

నేనేం చేసినా అట్టహాసంగానే చేస్తాను. రింగ్ రోడ్ దాకా వెళ్లి, ఉన్నవాటిలో అతి పెద్ద స్కెచ్ పెన్నుల పెట్టె కొనుక్కొచ్చి, ఒక్క పూటలో బొమ్మంతా నింపేశాను. రంగు కాగితంలోంచి దిగి కింద దుప్పటికి కూడా అంటింది. బాబాయి ఆ బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశారు. "మస్తుగున్నది. పెండ్లి బరాత్‌ల లైట్లు పెట్టినట్టున్నది," అన్నారు. మెచ్చుకుంటున్నారనే అనుకున్నాను. లోపలి నుంచి చిన్నమ్మ పకపకా నవ్వాక గానీ నాకు వెలగలేదు.

తరవాతి ఆదివారం నన్ను వెంటబెట్టుకుని స్టేషనరీ దుకాణానికి తీసుకెళ్లారు. పెట్టె వైపు చెయ్యి చాపితే ఆపారు. "పెట్టె కొనకు బిడ్డా, రంగు కొను. పెట్టెల సగం నువ్వు ముట్టనే ముట్టవు." విడి రంగు పెన్సిళ్లు తీయించారు. ఒక్కోదాన్నీ గాజుబల్ల మీద దొర్లించి, వంకరగా దొర్లినవి పక్కకు నెట్టారు. చివర కంటి ముందు పెట్టుకుని రంగు పుల్ల సరిగ్గా నడుమ ఉందో లేదో చూశారు. ఒక పక్కకు జరిగి ఉంటే చెక్కినప్పుడల్లా విరుగుతుందట. నా చేతిలోంచి ఒకటి జారి కిందపడితే, అదే కొనిపించారు. "పడ్డదంటే లోపల ముక్కలైనట్టే, ఎంత చెక్కినా ఇరుగుతనే ఉంటది. పడేసినోళ్లే కొనాలె," అన్నారు. కాగితాన్ని బొటనవేలితో రుద్ది, మరీ నున్నగా ఉంటే వద్దన్నారు. కాస్త గరుకు లేకపోతే పెన్సిలు రంగు దాని మీద నిలవదట. మందంపాటి డ్రాయింగ్ షీట్లు కొని, గీతల డిజైన్లను వాటి మీదికి జిరాక్స్ తీయించుకోమన్నారు.

అంతా అయ్యాక ఏరిన పెన్సిళ్లన్నీ పట్టుకుని దుకాణం బయటికి, ఎండలోకి నడిచారు. దుకాణదారు గుజరాతీ ఆయన తల పట్టుకున్నాడు. "కాకా, హర్ బార్ బాహర్!" ప్రతిసారీ బయటికేనా అని ఆయన గోల.

"దుకాణంల ట్యూబ్‌లైటు అబద్ధమాడుతది. ఎండ అబద్ధమాడది," అన్నారు బాబాయి నాతో.

ఆయనకు మిల్లు నుంచి వచ్చిన అలవాటు ఒకటుంది. ఏ రంగైనా ముందు కాగితం అంచున చిన్న చదరంలా రుద్దాలి. దాన్ని వరండా బయటికి తీసుకెళ్లి ఎండలో చూడాలి. నచ్చితే కింద టిక్కు పెట్టాలి. టిక్కు పడని రంగు బొమ్మలోకి పోకూడదు. మొదట్లో నాకు ఒళ్లు మండేది. ఒక్క రేకుకు నాలుగుసార్లు లేవడమేమిటని విసుక్కున్నాను. తీరా అలవాటయ్యాక తెలిసింది, అలా లేచి నడిచేటప్పుడే నా కోపం వరండాలో ఎక్కడో జారిపోయేదని. ఆదివారాలు మాకు పండగలైపోయాయి. డాక్టరు బీపీ చూసి, ఏ మాత్ర మార్చారని అడిగాడు. పెన్సిలు మార్చానన్నాను.

రెండేళ్లు గడిచాక ఒక సంగతి మొదలైంది. నేనేది వేసినా బాబాయి, "నీలం తక్కువైంది బిడ్డా, జర ఇంక రుద్దు," అనేవారు. పెద్దాయనకు నీలం మోజనుకుని రుద్దాను. నెమళ్లు నీలం, ఆకులు నీలం, చివరికి మామిడిపిందెలు కూడా నీలం. నా నీలం పెన్సిలు నెలకొకటి అరిగేది. ఒకరోజు దుకాణంలో నల్ల పెన్సిలు కావాలన్నాను. ఆయన రెండు పట్టుకుని ఎండలోకి వెళ్లి, చాలాసేపు చూసి, ఒకటి నా చేతిలో పెట్టారు. ముదురు నీలం. పట్టపగలు, నడినెత్తిన ఎండ, ఆయన పొరపడ్డారు.

ఇంటికొచ్చి నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. పెన్సిళ్ల మీది పేర్లకు కాగితం చుట్టి, "ఇవేం రంగులో చెప్పండి," అని ముందు పెట్టాను. రెండు చెప్పారు, రెండూ తప్పే. మూడోది చేతిలోకి తీసుకుని నా మొహంలోకి చూశారు.

"నాకు పరీక్ష పెడ్తున్నవా?"

లేచి వెళ్లిపోయారు. రెండు ఆదివారాలు వరండా ఖాళీ. మూడో ఆదివారం నేనే వెళ్లి వాళ్ల గడపలో కూర్చున్నాను. చిన్నమ్మ లోపలికి తప్పుకుంది.

"కండ్లల్ల పొరొచ్చింది," అన్నారు మెల్లిగా. "ఏడాదైతంది. మిల్లుల ఎవ్వరికి చెప్పలె. చెప్తే రేపే గేటు కాడ కూసోబెడ్తరు. కలర్ మాస్టర్‌కు రంగు తెల్వదంటే ఇగ నేనెవ్వణ్ని?"

"ఆపరేషన్ చేయించుకోండి. ఎంతమంది చేయించుకోవట్లేదు?"

"కోసినంక ఉన్న రంగులు గూడ పోతే?"

ఓదార్చే విద్య నాకు రాదు. తిట్టడం వచ్చు, తిట్టాను. "పడ్డ పెన్సిల్ని చెక్కుతూ కూర్చుంటే విరుగుతూనే ఉంటుందని చెప్పింది మీరే కదండీ! మీ సుద్దులన్నీ నాకేనా?" అన్నాను. ఆయన గోడ మీది క్యాలెండరు వైపు చూశారు. తరవాత, "ఏ రోజు పోదాం?" అన్నారు.

సెలవు పెట్టి నేనే తీసుకెళ్లాను. కట్టు విప్పిన మర్నాడు వరండాలో కూర్చుని, నా బొమ్మలన్నీ పట్టుకు రమ్మన్నారు. ఒక్కొక్కటీ ఎండలో పట్టి చూశారు.

"వారీ! గింత నీలమా? గివన్ని నేనే రుద్దిపిచ్చిన్నా?"

"మరెవరు? మామిడిపిందెలకు కూడా మీరే."

కళ్లు తుడుచుకోకూడదని డాక్టరు చెప్పాడు కాబట్టి, ఆయన నవ్వుతూ, కళ్ల నీళ్లు కారుతున్నా అలాగే కూర్చున్నారు. ఆ బొమ్మల్ని దిద్దుదామంటే ఒప్పుకోలేదు. "ఉండనియ్. అబద్ధమైతె గాదు, నాకు గట్లనే కనవడ్డయ్." మిల్లుకు వెళ్లిన మొదటి రోజే సేఠ్‌కు ఉన్నదున్నట్టు చెప్పేశారు. సేఠ్ ఒక చీర ముక్క ఆయన ముందు పడేసి, ఇందులో ఏ రంగు తప్పని అడిగాడట. బాబాయి దాన్ని గేటు బయటికి పట్టుకెళ్లి చూసి చెప్పారట. ఇంకో మాట లేకుండా పనిలో కూర్చోబెట్టాడట.

నాకు బదిలీ అయి వచ్చేస్తుంటే ఒక గీతల కాగితాల కట్ట చేతిలో పెట్టారు. "కోపమొస్తే లేచి బయటికి నడువు," అన్నారు. ఇప్పటికీ నడుస్తూనే ఉన్నాను. ఈ ఊళ్లో నన్ను భరిస్తున్నవాళ్లంతా ఆయనకు రుణపడి ఉన్నారు.

ఆయన పోయిన పదకొండో రోజుకు సూరత్ వెళ్లాను. కార్యం అయ్యాక చిన్నమ్మ, "గిది ఆ పొద్దు ఆయన ఒళ్లె ఉండె. నీకే ఇయ్యాలె," అంటూ అట్టతో సహా ఒక కాగితం తెచ్చి ఇచ్చింది. కలువల డిజైను. ఆకులన్నీ అయిపోయాయి, పువ్వులు ఖాళీ. అంచున వరసగా చిన్న చదరాలు, వాటి కింద టిక్కులు. చివర రెండు నీలాలు పక్కపక్కన ఉన్నాయి. వాటి కింద ఏమీ లేదు.

లోపల ట్యూబ్‌లైటు కింద నాకు రెండూ ఒకేలా కనిపించాయి. ఆయన పెట్టెలోంచి పెన్సిలొకటి తీసుకుని, కాగితం పట్టుకుని, వరండా దాటి ఎండలోకి నడిచాను.