అర్జీలో సాబ్ మాట కూడా రాయించిన ఖాదర్ తాత

మా చిన్నప్పుడు... సంగారెడ్డి తహసీలు ఆఫీసు గోడ నీడలో ఖాదర్ తాత చాప పరుచుకుని కూర్చునేవాడు. ముందు చిన్న చెక్క డెస్కు, సిరాబుడ్డి. ఊరూరి నుంచి వచ్చినవాళ్లకు అర్జీలు రాసిపెట్టేవాడు.

అప్పుడే నేను ఏడో తరగతి పాసయ్యాను. పెద్దబడి పటాన్‌చెరులో. భానూరు అవతల ఉన్న మా పల్లె దగ్గర బస్సు ఆగేది కాదు... ఫ్యాక్టరీ షిఫ్టువాళ్లతో కిక్కిరిసి, దుమ్ము లేపుకుంటూ పోయేది. "ఆడపిల్లను గంత దూరం నడిపియ్య" అని బాపు తేల్చేశాడు. బస్సు ఆగకపోతే నా చదువు ఆగినట్టే.

ఏడ్చి ఏడ్చి, చివరికి బస్సు డిపో మేనేజరు సాబ్‌కు నేనే అర్జీ రాశాను. బాపు మురిసిపోయి, దిద్దించడానికి నన్ను తాత దగ్గరికి తీసుకుపోయాడు.

తాత కళ్లద్దాలు సవరించుకుని చదివాడు. "బిడ్డా, కాయితం నిండ దండాలే ఉన్నయ్. అడిగింది ఏడున్నది?"

నిజమే! మహారాజశ్రీ, తల్లీతండ్రీ మీరే, మీ కాళ్లకు మొక్కుతాం... అన్నీ రాశాను. బస్సు మాటే మరిచాను. పెద్దవాళ్లను అడగడమంటే మొక్కడమే అనుకునేవాళ్లం మరి.

"ఏం గావాల్నో మొదటి లైన్ల రాయి. ఎందుకో దాని కింద రాయి. ఇగ గది నిజమని సాబ్ ఎట్ల నమ్మాలె?"

బడికి పోవాల్సిన తొమ్మిదిమంది పిల్లల పేర్లూ రాశాను. తాత అంతటితో వదల్లేదు.

"ఇప్పుడు నువ్వే సాబ్‌వి అనుకో. బస్సు ఎందుకు ఆపవో చెప్పు."

నాకు నవ్వొచ్చింది. "లేటయితది... డ్యూటీకి పోయేటోళ్లు లొల్లి చేస్తరు."

"శభాష్! గది గూడ రాయి."

బాపు పరేషాన్ అయ్యాడు. "మన కాయితంల ఆయన మాట ఎందుకు చాచా? మన నోట్ల మనమే మన్ను కొట్టుకున్నట్టు గాదా?"

"ఆయన ఎట్లైనా గదే అంటడు. ఆయన అనకముందే మనమే అని, జవాబు జెప్పాలె."

రాశాను... 'ఆలస్యమవుతుందని తమరు అనవచ్చు. మేము ముందే వరుసలో నిలబడి, ఒక్క నిమిషంలో ఎక్కుతాము.' ఎన్నడూ చూడని ఆఫీసరు మనసులోకి నేను పోయి వచ్చాను! ఒక కాగితంతో అంత పని చేయొచ్చని అప్పటిదాకా తెలియదు.

అర్జీ పంపిన నెల తిరక్కుండానే ఒక పొద్దున బస్సు మా ముందు ఆగింది. కండక్టరు తల బయటపెట్టి, "ఒక్క నిమిషమన్నరంట గదా... ఎక్కుర్రి జల్దీ!" అని కేకేశాడు. అంటే మా కాయితం ఎవరో చివరిదాకా చదివారు!

ఇప్పుడు ఫోన్లలో పొద్దంతా వాదించుకుంటున్నాం... ఎదుటివాడి మాట మనమే ముందు చెప్పి, మర్యాదగా జవాబిచ్చే ఓపిక ఎవరికుంది? మీ మొదటి అర్జీ ఎవరికి రాశారు... అందులో వాళ్ల మాటకు చోటిచ్చారా?