స్టీలు గ్లాసు కేసు

1983 ఏప్రిల్‌లో నన్ను బందరు నుంచి నూజివీడు మేజిస్ట్రేటు కోర్టుకు బెంచి క్లర్కుగా బదిలీ చేశారు. బెంచి క్లర్కు అంటే మేజిస్ట్రేటు గారి వేదిక కింద, కక్షిదారులకు ఎదురుగా కూర్చునే గుమాస్తా. ఆ రోజు కేసులను వరసగా పిలిపించడం, సాక్షుల చేత ప్రమాణం చేయించడం, దాఖలైన కాగితాలకు నంబర్లు వేయడం అతని పని. వీటన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ప్రతి కేసు కట్ట మీద ఆనాడు జరిగిన సంగతిని ఒకటి రెండు వాక్యాల్లో రాసి సంతకానికి పెట్టాలి. దాన్ని డాకెట్ అంటాం. సంతకం మేజిస్ట్రేటు గారిదే అయినా, చాలాసార్లు ఆ వాక్యం మా చేతిరాతలోనే ఉంటుంది.

నేను చేరిన రెండు నెలలకు ఒక ప్రైవేటు ఫిర్యాదు దాఖలైంది. పోలీసులు కేసు కట్టకుండా, బాధితులే నేరుగా కోర్టుకు వచ్చి పెట్టుకునే కేసును అలా అంటారు. పరువు నష్టం వంటి నేరాల్లో పోలీసులు తమంతట తాము కేసు కట్టలేరు. ఫిర్యాదును పుస్తకంలో రాసుకుని, కోర్టుకు వెళ్ళమని పంపేస్తారు. ఈ కేసు పెట్టిన ఆవిడనూ అలాగే పంపారు.

ఫిర్యాది పేరు తిరుపతమ్మ. చాట్రాయి దగ్గరి పల్లె. నలభై ఏళ్ళుంటాయి. మామిడి కాపు రోజుల్లో పదిహేను మంది ఆడకూలీల ముఠాకు ఆవిడ మేస్త్రి. కోసిన కాయను సైజుల వారీగా ఏరి, దెబ్బ తగిలినవి తీసేసి, గడ్డి వేసి పెట్టెలకు సర్దించే బాధ్యత ఆవిడది. తోట పాక తాళంచెవి కూడా ఆవిడ దగ్గరే ఉండేది. ఆ తాళంచెవి ఒకరి చేతికి ఇవ్వడమంటే రైతు ఆ మనిషిని ఎంత నమ్మాడో ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు.

మే నెలలో ఒక ఉదయం ఆవిడ మరో ఇద్దరు ఆడవాళ్ళతో కాయ ట్రాక్టరు మీద నూజివీడు వచ్చి, బస్టాండు ఎదురుగా ఉన్న హోటల్లో టిఫిను చేసింది. ఆ హోటలు యజమాని అప్పుడే కొత్త స్టీలు గ్లాసులు తెప్పించి పేరు చెక్కించుకున్నాడు. సప్లయరు కోటయ్య బల్ల తుడుస్తూ, ఒక గ్లాసు తగ్గిందని చెప్పాడు. యజమాని కౌంటరు దగ్గర నుంచే, ఆ ఆడవాళ్ళను ఆపి సంచీ చూడమని కేకేశాడు. కోటయ్య గుమ్మంలో అడ్డం నిలబడి, తిరుపతమ్మ సంచీ తీసుకుని బల్ల మీద బోర్లించాడు. తమలపాకులు, దువ్వెన, పాత తువ్వాలు, తాళంచెవి పడ్డాయి. గ్లాసు లేదు. ఆ సంగతి కళ్ళారా చూసి కూడా యజమాని, "ఎక్కడో దాచేసి ఉంటుంది. ఈ దొంగముఖాల్ని ఇంకోసారి లోపలికి రానివ్వకు" అన్నాడు. హోటలు నిండా జనం. వాళ్ళల్లో ఆవిడకు పని ఇచ్చే తోట రైతు కూడా ఉన్నాడు. మర్నాడే ఆయన మనిషిని పంపి తాళంచెవి తెప్పించుకున్నాడు.

ఇదంతా ఆవిడ ప్రమాణ వాంగ్మూలంలో చెప్పింది. ప్రైవేటు ఫిర్యాదు తీసుకునే ముందు మేజిస్ట్రేటు ఫిర్యాదిని స్వయంగా విచారించి, కేసులో పస ఉందనిపిస్తేనే ముద్దాయిలకు సమన్లు పంపుతారు. అప్పటి మా మేజిస్ట్రేటు గారు మితభాషి. చివర్లో, నీకేం కావాలమ్మా అని అడిగారు.

"ఆ మాట ఎక్కడ అన్నారో అక్కడే కాదని చెప్పాలండీ" అంది.

క్షమాపణ చెప్పించడం కోర్టు పని కాదని, నేరం రుజువైతే శిక్ష వేయడమే తమ పని అని ఆయన వివరించారు. ఆవిడ, "అయితే అదే వేయండి. నేను తీయలేదని ఎక్కడో ఒకచోట తేలాలి గదండీ" అంది.

యజమానిని మొదటి ముద్దాయిగా, కోటయ్యను రెండో ముద్దాయిగా చేర్చి సమన్లు పంపాం. యజమాని ఒక సీనియరు ప్లీడరును పెట్టుకున్నాడు. ఆయనే ఇద్దరి తరఫునా వకాల్తా దాఖలు చేశారు. ఇద్దరూ నేరం చేయలేదన్నారు. ఆ తర్వాత వాయిదాలు మొదలయ్యాయి. యజమాని తరఫున వ్యాపార పనులనో, ఒంట్లో బాగాలేదనో హాజరు మినహాయింపు పిటిషను పడేది. కోటయ్య మాత్రం హోటల్లో పని చూసుకుని, చొక్కా మార్చుకుని వచ్చి వరండాలో నిలబడేవాడు.

ఈ రకం కేసుల్లో ఒక చిక్కు ఉంది. పిలిచినప్పుడు ఫిర్యాది లేకపోతే మేజిస్ట్రేటు ముద్దాయిలను నిర్దోషులుగా విడుదల చేయవచ్చు. అదే సంగతి మీద మళ్ళీ కేసు పెట్టడానికి వీలుండదు. అందుకే కొందరు ప్లీడర్లు వాదించడం మానేసి వాయిదాలు పెంచుతారు. కూలి పని చేసుకునే మనిషి పదిసార్లు వచ్చి పదకొండోసారి రాదని వాళ్ళ లెక్క. తిరుపతమ్మ విషయంలో ఆ లెక్క తప్పింది. కోతల రోజుల్లో వచ్చింది, నాట్ల రోజుల్లో వచ్చింది. బురద కాళ్ళతో వచ్చి కోర్టు కుళాయి దగ్గర కడుక్కుని లోపలికి రావడం నేను చూశాను. ఆవిడ ప్లీడరు కొత్తగా బోర్డు కట్టిన కుర్రవాడు. వాయిదా తేదీ ఆయన మర్చిపోయినా ఆవిడ మర్చిపోయేది కాదు. ఏడాది గడిచేసరికి మా ఆఫీసులో దానికి స్టీలు గ్లాసు కేసని పేరు స్థిరపడింది. ఆవిడ ఓపిక చూసి మొదట నవ్వుకున్నవాళ్ళే తర్వాత కూర్చోమని బల్ల చూపించడం మొదలుపెట్టారు.

1984 ఆగస్టులో ఫిర్యాది సాక్ష్యానికి తేదీ వేశారు. ముందు రెండు రోజులు వాన దంచికొట్టింది. ఆ ఉదయం మా బంట్రోతు వరండాలోకి వెళ్ళి ఆవిడ పేరు మూడుసార్లు పిలిచాడు. ఎవరూ పలకలేదు. ఆవిడ ప్లీడరు కూడా ఇంకో కోర్టులో ఉన్నాడు. యజమాని తరఫున ఆ రోజూ మినహాయింపు పిటిషనే పడింది. సీనియరు ప్లీడరు లేచి, ఫిర్యాది రాలేదు కాబట్టి ముద్దాయిలను విడుదల చేయాలని కోరారు. చట్టప్రకారం ఆయన అడిగింది సరైనదే. నేను అప్పటికే డాకెట్ మీద "ఫిర్యాది గైర్హాజరు. మూడుసార్లు పిలిచినా పలకలేదు" అని రాసేశాను. ఆ తర్వాతి వాక్యం మేజిస్ట్రేటు గారు చెప్పాలి. నేను కలం పట్టుకుని ఎదురుచూస్తున్నాను.

అప్పుడు ముద్దాయిల బోనులోంచి కోటయ్య చేతులు కట్టుకుని, "అయ్యా, చాట్రాయి బస్సు రాలేదండీ" అన్నాడు.

ప్లీడరు గారు వెనక్కి తిరిగి చూశారు. మేజిస్ట్రేటు గారు ఏమిటన్నావని అడిగారు.

"పొద్దుటి బస్సు రాలేదండీ. మధ్యలో వాగు పొంగిందంట. డ్రైవర్లు మా హోటల్లోనే కూచుని చెప్పుకుంటున్నారండీ."

"ఆవిడ రాకపోతే నీ మీద కేసు పోతుంది. ఆ సంగతి తెలుసా?"

"తెలుసండీ. ప్లీడరు గారు చెప్పారండీ."

"మరి నువ్వెందుకు చెబుతున్నావు?"

కోటయ్యకు యాభై దాటి ఉంటాయి. ముప్పై ఏళ్ళుగా సప్లయరుగా చేస్తున్నవాడు. మాట్లాడటం అలవాటున్న మనిషి కాదు. తల దించుకుని, "రాలేదని రాసేస్తారు గదండీ. ఆవిడ రాకుండా ఉండే మనిషి కాదండీ" అన్నాడు.

మేజిస్ట్రేటు గారు నా ముందున్న కట్ట వైపు చూశారు. సాయంత్రం కోర్టు లేచేలోపు మళ్ళీ పిలవమన్నారు. నేను రాసిన వాక్యాన్ని కొట్టేసి, పక్కన పొడి సంతకం పెట్టాను. నా సర్వీసులో డాకెట్ మీద కొట్టివేతలు చాలా తక్కువ. అది బాగా గుర్తుంది.

నాలుగు గంటలు కావస్తుండగా తిరుపతమ్మ వచ్చింది. చీర మోకాళ్ళ దాకా తడిసి ఉంది. నూజివీడు వైపు దారి తెగిపోయిందని తెలిసి, తెల్లవారకముందే చింతలపూడి వైపు నడక మొదలుపెట్టిందట. అక్కడ బస్సెక్కి ఏలూరు, ఏలూరు నుంచి బాపులపాడు, అక్కడి నుంచి లారీ మీద నూజివీడు. ఇరవై మైళ్ళ పైచిలుకు దారికి జిల్లా అంచంతా చుట్టి వచ్చింది. ఉదయం జరిగింది బంట్రోతు వరండాలోనే చెప్పేశాడు. ఆవిడ లోపలికి వచ్చి కోటయ్య వైపు ఒకసారి చూసింది.

ప్రమాణం చేయించి సాక్ష్యం రాయించాం. ప్లీడరు గారు అడ్డు ప్రశ్నలు వేశారు. గ్లాసు నిజంగానే పోయిందని, దాన్ని ఆవిడే ఎవరికో అందించిందని సూచించారు. ఆవిడ ప్రతిదానికీ కాదండీ అనే చెప్పింది. గొంతు పెంచలేదు. ఆవిడ బోను దిగుతుండగా కోటయ్య మళ్ళీ చేతులు కట్టుకున్నాడు.

"గ్లాసు పోలేదండీ. ఆ మధ్యాహ్నమే కడిగే తొట్టెలో పళ్ళేల కింద దొరికిందండీ. నేనే తీసి మా యజమానికి చూపించానండీ. ఊరుకో, ఇప్పుడు చెబితే మన పరువు పోతుందన్నారండీ. ఊరుకున్నానండీ. చూడమన్నది ఆయనే అయినా, సంచీ బోర్లించిన చేతులు నావండీ."

మేజిస్ట్రేటు గారు చెయ్యెత్తి ఆపారు. నువ్వు ముద్దాయివి, సాక్షివి కావు, ఇది నువ్వు మాట్లాడాల్సిన దశ కూడా కాదు, ముందు నీ ప్లీడరుతో మాట్లాడుకో అని చెప్పి వాయిదా వేశారు. న్యాయంగా ఆయన చేయాల్సింది అదే. కాబట్టి కోటయ్య అన్న మాటల్లో ఒక్కటీ కట్టలోకి ఎక్కలేదు. హాల్లో ఉన్న అందరూ మాత్రం విన్నారు.

సీనియరు ప్లీడరు గారిని గురించి ఒక మాట చెప్పాలి. ఆయన కోటయ్య మీద విసుక్కోలేదు. యజమానిని పిలిపించి, ఒక ముద్దాయి తప్పు ఒప్పుకుని రెండోవాడి పేరు చెబుతుంటే ఇద్దరికీ తాను వాదించడం కుదరదని, రాజీ తప్ప దారి లేదని చెప్పేశారు. పరువు నష్టం కేసును బాధితురాలు ఇష్టపడితే రాజీ చేసుకోవచ్చు. దానికి ఆవిడ సమ్మతే చాలు.

యజమాని మొదట చీర, పసుపు కుంకుమ పంపిస్తానన్నాడు. తిరుపతమ్మ వద్దంది. తన ప్లీడరు ద్వారా రెండు షరతులు పెట్టింది. టిఫిను వేళ, జనం నిండుగా ఉన్నప్పుడు, అదే కౌంటరు దగ్గర నిలబడి యజమాని తన తప్పు చెప్పాలి. కోటయ్యను పనిలోంచి తీయకూడదు. అది జరిగాకే రాజీ కాగితం మీద వేలిముద్ర వేస్తానంది.

కోర్టు ఉద్యోగులు అలాంటి చోట్లకు వెళ్ళడం మంచి పద్ధతి కాదు. నేను ఆ ఉదయం వెళ్ళి ఓ మూల బల్ల దగ్గర ఇడ్లీ చెప్పి కూర్చున్నాను. ఏడున్నరకు తిరుపతమ్మ తన ముఠాలో ఆరేడుగురు ఆడవాళ్ళతో వచ్చింది. యజమాని లేచి నిలబడి, ఆ రోజు గ్లాసు తమ తొట్టెలోనే దొరికిందని, ఈవిడ తీయలేదని, తను అనరాని మాట అన్నానని గొణిగినట్టు చెప్పి కూర్చోబోయాడు.

"వెనక బల్లల వాళ్ళకి వినపళ్ళేదండీ" అంది తిరుపతమ్మ. "ఆ రోజు అందరికీ వినపడిందండీ."

ఆయన మళ్ళీ నిలబడ్డాడు. ఈసారి వీధిలో ఉన్నవాళ్ళు కూడా తొంగిచూశారు. ఆవిడ తల ఊపి, దగ్గర్లోని బల్ల ముందు కూర్చుంది. కోటయ్య టీ తెచ్చి పెట్టాడు.

"వాగు సంగతి నువ్వెందుకు చెప్పావు కోటయ్యన్నా?" అని అడిగింది.

"నువ్వు రాలేదంటే నాకే నమ్మబుద్ధి కాలేదమ్మా" అన్నాడు. ఆవిడ నవ్వింది. ఏడాదిన్నరలో ఆవిడ నవ్వడం నేను చూసింది అదొక్కసారే.

ఆ మధ్యాహ్నం ఉమ్మడి రాజీ మెమో దాఖలైంది. రాజీ అయినందున ముద్దాయిలు నిర్దోషులుగా విడుదలయ్యారని డాకెట్ రాశాను. తాళంచెవి తీసుకున్న రైతు మరుసటి వేసవికి మళ్ళీ కబురు పెట్టాడట. అప్పటికే వేరే తోటకు మాట ఇచ్చానని ఆవిడ వెళ్ళలేదు. యజమాని మాట తప్పలేదు. కోటయ్య ఆ హోటల్లో ఇంకో రెండేళ్ళు చేసి, తనంతట తానే మానేశాడు.

ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు నేను నాలుగు కోర్టుల్లో పనిచేశాను. పేరు పిలవడానికీ, రాలేదని రాయడానికీ మధ్య గుమాస్తా చేతిలో కొంత వ్యవధి ఉంటుందని ఆ కేసు నాకు నేర్పింది. అంతకుముందు నేను దాన్ని వాడలేదు. దూరపు ఊరి పార్టీ పలకకపోతే, ఏ బస్సు మీద రావాలో చూసి, బస్టాండుకు మనిషిని పంపి కనుక్కున్న తర్వాతే కట్టను మేజిస్ట్రేటు గారి ముందు పెట్టేవాణ్ణి. అలా చేయమని ఏ నియమావళిలోనూ లేదు. చేయవద్దని కూడా లేదు.